హేమ ఎత్తిన వేలు

హేమ అంటే నాకు అసూయ. ఇన్నేళ్ళకు ఈ మాట కాగితం మీద పెడుతున్నాను గానీ, మా ఇంట్లోవాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. నాకు నలభై దగ్గర పడ్డాయి. చింతామణిలో నలుగురూ నన్ను గిటారు టీచరమ్మ అంటారు. ఫోను తెరిస్తే ఎక్కడెక్కడి పిల్లలో నమస్తే మేడమ్ అంటూ వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఇంత జరిగాక కూడా ఒక మనిషి పేరు వింటే కడుపు మండుతుందంటే, ఆ మంటకు వయసుతో పని లేదని ఒప్పుకోవాలి. పోయిన నెల బాగేపల్లికి పోయి వచ్చాను. అప్పటినుంచి నాకు పొద్దుటి కాఫీ కూడా సరిగ్గా రుచించడం లేదు.

హేమ మా మేనత్త కూతురు. నాకంటే ఏడాది చిన్నది, నన్ను వదినా అంటుంది. బాగేపల్లి నుంచి పాతపాళ్యకు పోయే దారిలో టమోటా నారు పెంచి రైతులకు ఇస్తుంది. అత్తకు మోకాళ్ళు మరీ ఇబ్బంది పెడుతున్నాయని తెలిసి, చిక్కబళ్ళాపురంలో ఒక బడిలో పిల్లలకు పాఠం చెప్పి, అటునుంచి అటే కారు బాగేపల్లి వైపు తిప్పాను. వెనక సీటులో గిటారు ఉంది. అది ఉండడంతోనే వచ్చింది చిక్కు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే, ముందు మా మేడమీద గది సంగతి చెప్పాలి.

మా ఇల్లు బజారు వీధిలో. కింద అంగడి, పైన సంసారం. అంగడిలో పూజా సామాన్లు అమ్మేవాళ్ళం. కైవారం గుడికి పోయే జనం మా దగ్గర కొబ్బరికాయా కర్పూరమూ తీసుకుని బస్సెక్కేవాళ్ళు. మేడమీద చివరి గదిలో నిలవ సరుకు ఉండేది. అగరబత్తి పెట్టెలు, కుంకుమ సంచులు, కర్పూరం డబ్బాలు. ఆ గదిలో పది నిమిషాలు కూర్చుని కిందికి వస్తే ఎవరైనా సరే గుడినుంచి వచ్చినట్టే ఉండేవాళ్ళు. మా నాన్న అంగడికోసమని ఒక కంప్యూటరు కొని, దాన్ని చూసి తానే జడుసుకుని, ఆ గదిలో పెట్టి మీద తువ్వాలు కప్పేశాడు. ఫోను తీగమీద నత్తలా వచ్చే ఇంటర్నెట్టు దానికి ఉండేది. ఎవరైనా ఫోను ఎత్తితే అది పోయేది. నా చదువు, నా సంగీతం, నా కుళ్ళు అన్నీ ఆ గదిలోనే మొదలైనాయి.

మా తాత శనివారం శనివారం భజన చేయించేవాడు. తాను హార్మోనియం, చుట్టూ వీధిలోని పెద్దవాళ్ళు, తత్వాలు. తాతకు స్వరం ఎంత ముఖ్యమో చెప్పలేను. సా అంటే ఆయనకు ఇంటి దూలం. పాట ఎటు పోయినా, ఎంత పైకి ఎగిరినా, ఆ సా కింద మోగుతూనే ఉండాలి. ఎవరి గొంతైనా పక్కకు జారితే వాళ్ళను తిట్టడు, చూడడు, చేతికున్న ఉంగరంతో హార్మోనియం చెక్కమీద టక్కుమని కొడతాడు. ఆ టక్కు వింటే పాడేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి విన్నానేమో, నా చెవిలో ఆ సా మేకులా దిగబడిపోయింది. అది ఆస్తి అనుకున్నాను. తర్వాత తెలిసింది అదే నా కాలికి కట్టిన బండ అని.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా చిన్నాన్న ఒకసారి గిటారు తెచ్చి మా ఇంట్లో పడేసిపోయాడు. తనకోసమని కొనుక్కుని, వేళ్ళు నొప్పి పుడుతున్నాయని వదిలేశాడట. దాన్ని ముందుగా ఒళ్ళోకి తీసుకున్నది నేను కాదు, తాత. తీగలు ఒక్కొక్కటే మీటి, మొహం చిట్లించి, "ఎవుడప్పా దీన్ని చేసింది. ఆరు తీగలు ఆరు దిక్కులకు పోతాండాయి" అన్నాడు. హార్మోనియం ముందు పెట్టుకుని, బిరడాలు తిప్పి తిప్పి, ఆరు తీగలనూ తంబూరా చేసేశాడు. సా, పా, సా, పా, సా, సా. మీటితే ఇల్లంతా ఘుమ్మని మోగింది. అవ్వ వంటింట్లోనుంచి వచ్చి దండం పెట్టుకుంది. ఇక నేను ఇంటర్నెట్టులో బొమ్మలు చూసి, ఏ వేలు ఎక్కడ పెట్టాలో నేర్చుకుని, ఆ తంబూరా మీద సి మేజర్, జి మేజర్ అని నొక్కుతూ పోయాను. అన్నీ కాకి కూతల్లా వచ్చేవి. తప్పు నాదేనని వేళ్ళు బొబ్బలెక్కేదాకా నొక్కాను. పితికిన పప్పు కాలం అది. సాయంత్రాలు ఆడవాళ్ళమంతా నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని పొట్టు పితికేవాళ్ళం. బొబ్బల వేళ్ళతో గింజ నొక్కితే ప్రాణం పోయేది. అమ్మ చూసి, "సంగీతం నేర్చుకునేదానివి గొంతుతో నేర్చుకోరాదా, చేతులెందుకట్ల పాడు చేసుకుంటావు" అనేది.

అట్లాంటి రోజుల్లోనే తీగల పందిరి దొరికింది. గిటారు వాయించేవాళ్ళు ఇంటర్నెట్టులో పెట్టుకున్న కూటమి అది. అనంతపురం, కోలారు, బెంగుళూరు, ఇంకా ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో అందులో ఉండేవాళ్ళు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. దాన్ని నడిపేది ఒక పెద్దాయన. రైల్వేలో పనిచేసి రిటైరై, చర్చిలో గిటారు వాయిస్తూ గుంతకల్లులో ఉండేవాడు. అందరికీ ఆయన గుంతకల్ అంకుల్. నేను భయపడుతూ భయపడుతూ నా వాయింపు రికార్డు చేసి పెట్టాను. సగం రాత్రికి గానీ అది పైకెక్కలేదు. తెల్లారి చూస్తే అంకుల్ జవాబు: "అమ్మా, మీ ఇంట్లో తంబూరా వాయించే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" పందిరంతా నవ్వుకున్నారు. ఆయన మాత్రం నవ్వకుండా తీగలు ఎట్లా బిగించాలో ఒక్కొక్కటే రాసి పంపాడు. నేను తీగల శ్రుతి మార్చుకున్నందుకు తాత నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

పందిరిలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి ఆదివారం అంకుల్ ఒక చిన్న వరుసను ఈల వేసి పెట్టేవాడు. ఉత్త ఈల, వెనక ఏమీ ఉండదు. శనివారంలోపల మేము దానికి కార్డులు కట్టాలి. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి మోగించేదాన్ని గిటారులో కార్డ్ అంటారు. ఆ ఈల కింద ఏ చోట ఏ కార్డ్ వస్తే పాట నిలబడుతుందో ఎవరికి వాళ్ళు వెతుక్కుని, వాయించి పెట్టాలి. నేను మొదటి ఆదివారం వరుస పొడుగునా ఒకే కార్డ్ వాయించి పెట్టాను. నాకు తప్పనిపించలేదు. సా ఉండగా ఇంకో కార్డ్‌కు పోవడమంటే దూలం పీకడమే కదా. కార్డ్ మారిన ప్రతిసారీ నా చెవిలో తాత ఉంగరం టక్కుమనేది. "ఇది భజన అయింది, పాట కాలేదు. సా మీదనుంచి దిగమ్మా, పడవు" అని రాశాడు అంకుల్. దిగడానికి నాకు నెలలు పట్టింది. చెవితో దిగలేక బుర్రతో దిగాను. ఏ కార్డ్ తర్వాత ఏది రావచ్చు, ఎందుకు రావచ్చు, పంచమం పట్టుకుని ఒక శ్రుతిలోంచి ఇంకో శ్రుతిలోకి ఎట్లా పోవచ్చు, అన్నీ చదివాను, గోడమీద సుద్దతో చక్రాలు గీసుకున్నాను. ఒకరోజు తాత సరుకు కోసం వచ్చి ఆ చక్రం చూసి ఏమిటన్నాడు. సా ఎట్లా కదులుతుందో చెప్పాను. "సా కదిలేదేంది మ్మా. అదేమన్నా ఎద్దుల బండినా" అని కర్పూరం డబ్బా తీసుకుని పోయాడు.

అట్లా లెక్క కట్టి కట్టి నేను వాయించినవి అంకుల్ వినేవాడు. ప్రతిసారీ ఒకటే మాట రాసేవాడు. కరెక్ట్. మొదట్లో ఆ మాట చూస్తే పొంగిపోయేదాన్ని. పందిరిలో ఎవరికి సందేహం వచ్చినా నన్నే అడిగేవాళ్ళు. ఒక కార్డ్ పేరు కావాలన్నా, ఒక స్వరం ఎందుకు పొసగడం లేదో తెలియాలన్నా, చింతామణి అమ్మాయిని అడగండి అనేవాళ్ళు. నాకు కావలసింది ఇంకొకటి ఉందని అప్పటికి నాకే తెలియదు. హేమ వచ్చాక తెలిసింది.

డిగ్రీ చదవడానికి హేమ మా ఇంట్లో దిగింది. బాగేపల్లిలో వాళ్ళ నాన్నకు ట్రాక్టరు సామాన్ల అంగడి. ఆ అంగడిలో పొద్దున తలుపు తీసినప్పటినుంచి రాత్రి మూసేదాకా టేపురికార్డరు మోగుతూనే ఉండేది. భజన లేదు, తాత లేడు, ఉంగరం లేదు. నా మంచం పక్కన మంచం వేశారు, నా అలమరలో సగం ఇచ్చారు. అదేమీ నాకు బాధ అనిపించలేదు. సాయంత్రం నేను గిటారు పట్టుకుంటే అగరబత్తి పెట్టెమీద కూర్చుని వేయించిన శనక్కాయలు తింటూ చూసేది. చూడనీలే అనుకున్నాను. ఒకరోజు చేతులు లంగాకు తుడుచుకుని, "ఒకసారి ఇట్లియ్యి వదినా" అంది. ఇచ్చాను. నేను పట్టే పద్ధతి చూసే నేర్చుకుంది, ఇంటర్నెట్టులో బొమ్మలు కూడా చూడలేదు. వారం తిరిగేసరికి నాకు నెలలు పట్టిన కార్డులు దాని చేతిలో ఆడుతున్నాయి. కళ్ళు కుట్టాయి నాకు. చేతి వేళ్ళు పొడుగ్గా ఉన్నాయిలే, అందుకే అనుకుని సర్దుకున్నాను.

ఆ ఆదివారం అంకుల్ ఒక దిగులు వరుస పెట్టాడు. నేను కూర్చుని కార్డులు రాసుకుంటున్నాను. హేమ పెట్టెమీదనుంచే గిటారు తీసుకుని, ఈలతో పాటు తడుముకుంటూ వాయించసాగింది. వరుస చివర ఎ మైనర్ వస్తుంది. అది నేనూ రాసుకున్నాను. హేమ ఎ మైనర్ పట్టి, ఏమనుకుందో ఏమో, చూపుడు వేలు ఎత్తేసింది. ఉత్తగా ఎత్తేసింది. ఆ తీగ అలాగే మోగుతూ ఉండగా తర్వాతి కార్డ్‌లోకి పోయింది. గదిలో గాలి ఆగిపోయినట్టయింది నాకు. "ఏం చేసినావు అక్కడ" అన్నాను.

"ఏం చెయ్యలేదే. వేలు తీసేస్తే బాగుండాది అనిపించింది. తప్పా వదినా? దాని పేరేంది?"

దాని పేరు నాకు తెలుసు. సస్ టూ అంటారు. కార్డ్ ఏడుస్తుందా నవ్వుతుందా అని చెప్పే స్వరం ఒకటి ఉంటుంది, హేమ ఎత్తిన వేలి కింద ఉన్నది సరిగ్గా అదే. అది లేకపోతే కార్డ్ అటూ కాదు ఇటూ కాదు, గడప మీద నిలబడి ఉంటుంది. ఇదంతా నేను దానికి చెప్పాను. "ఓహో" అని శనక్కాయలు అందుకుంది. దాని వాయింపును దాని పేరుతోనే పందిరిలో పెట్టాను, నాది నా పేరుతో పెట్టాను. శనివారం అంకుల్ నాకు రాశాడు: కరెక్ట్. హేమకు రాశాడు: "అమ్మా, ఆ చివర నా ఈలలో నేను చెప్పలేకపోయింది నువ్వు చెప్పినావు." నేను కిందికి దిగిపోయి, అవసరం లేకపోయినా, అంగడిలో కుంకుమ పొట్లాలు కట్టుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు నాకు తెలిసింది నాకేం కావాలో. ఎవరైనా ఒక్కసారి నా వాయింపు విని, తప్పొప్పులు మర్చిపోవాలి. అంతే.

తర్వాతి రెండేళ్ళూ ఇదే కథ. పందిరిలో పొగడ్తలు హేమకు, ప్రశ్నలు నాకు. హేమ ఏదో ఒకటి కొత్తగా పడేసేది, అందరూ అదేమిటని నన్ను అడిగేవాళ్ళు, నేను కూర్చుని దాని పేరూ కారణమూ వివరంగా రాసేదాన్ని. దాని అందానికి నేను చీటీ అంటించేదాన్ని. రాస్తున్నంతసేపూ పళ్ళు నూరుకునేదాన్ని. ఇంత బాగా ఎట్లా చెప్తావమ్మా అని ఎవరైనా అంటే ఇంకా మండేది. కనీసం అది గర్వపడినా నాకు తిట్టుకోవడానికి ఒక ఆసరా ఉండేది. అదీ లేదు. "మా వదిన చెప్తేనే నాకు తెలిసింది నేనేం వాయించినానో" అని అందరికీ చెప్పుకునేది. అవ్వ ఒకరోజు అనపగింజలు పితుకుతూ, నేను పక్కనే ఉన్నానని కూడా చూడకుండా, "ఇది వాయిస్తే లెక్కలు చెప్పినట్లుంటాది, ఆ పిల్ల వాయిస్తే నాకు మా అమ్మ గుర్తొస్తాది" అంది. అమ్మ కళ్ళతో సైగ చేసింది గానీ అప్పటికే అనేసింది. నేను గింజను గట్టిగా నొక్కితే అది ఎగిరి గోడకు తగిలింది.

పందిరివాళ్ళంతా ఒకసారి కలుసుకోవాలనుకున్నారు. చిక్కబళ్ళాపురం దగ్గర మాలో ఒకాయనకు ద్రాక్షతోట ఉంది. అక్కడ కలిశాం. ద్రాక్ష పందిరి ఎత్తు తక్కువ, పొడుగువాళ్ళు తలలు వంచుకుని నడవాల్సి వచ్చింది. మందు కొట్టిన ఆకుల వాసన, చిత్రాన్నం వాసన, వెదురు చాపలు, గిటార్లు. పేర్లు తప్ప మొహాలు తెలియని మనుషులు ఒకరినొకరు నువ్వా అంటే నువ్వా అని పట్టుకున్నారు. గుంతకల్ అంకుల్ నేననుకున్నంత పెద్ద మనిషి కాదు, సన్నగా, తెల్ల చొక్కాతో, చెవిలో మిషను పెట్టుకుని ఉన్నాడు. తానే ఈల వేశాడు. ఒక్కొక్కరూ దానికి వాయించాలి. నేను ఆ రోజుకోసం ఎంత తయారయ్యానో చెప్పలేను. వెళ్ళే ముందు తలంటుకుని, అవ్వకు దండం పెట్టి మరీ పోయాను. ఒక్క తీగ తప్పలేదు. ఒక కార్డ్‌లోంచి ఇంకో కార్డ్‌లోకి నేను వేసిన దారులు ఆ తోటలో ఇంకెవ్వరికీ తెలియవు. అంకుల్ తల ఊపాడు. "నీ చేతిలో తప్పు దొరకదమ్మా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత హేమ. ఒక చోట మరిచిపోయి ఆగింది, నవ్వింది, మళ్ళీ అందుకుంది. ఆ ఆగినచోట కూడా ఎవరూ కదల్లేదు.  అయిపోయాక అంకుల్ చెవిలో మిషను సర్దుకుని, "మళ్ళీ వాయించు తల్లీ" అన్నాడు. మళ్ళీ వాయించింది. అయిపోయాక ఇంకోసారి అన్నాడు. నన్ను మళ్ళీ వాయించమని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు, ఒకసారికే మొత్తం అర్థమైపోయింది కదా. శిడ్లఘట్ట మీదుగా బస్సులో వస్తుంటే హేమ నా భుజంమీద తల పెట్టి నిద్రపోయింది. అది నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, గిటారు నా ఒళ్ళో పెట్టుకుని, ఈ మొద్దు మొహందానికి ఎందుకిచ్చావురా స్వామీ అని కైవారం దిక్కు చూసి అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నిజంగా ఏడుపే.

డిగ్రీ అయిపోగానే హేమ బాగేపల్లికి పోయింది. మామ అంగడి తన తమ్ముడికిచ్చి, తోటలో నారుమడి పెట్టాడు. అక్కడినుంచి కొత్తవి పెడుతుందని నేను ఎదురుచూశాను. ఎదురుచూడడమంటే ప్రేమతో కాదు, పరీక్ష ఫలితానికి చూసినట్టు. ఏమీ రాలేదు. పందిరిలో నా వాయింపుల కింద కూడా హేమ ఎక్కడ, హేమ ఏమైంది అని అడిగేవాళ్ళు. మనిషి లేకపోయినా నాకంటే అదే ఎక్కువైంది. ఉండబట్టలేక ఫోను చేశాను.

"ఏంటికి వాయించడం లేదు హేమా?"

"గిటారు యాడుండాది వదినా. అయినా ఈడ పని సరిపోతాది. ఒకే మొక్కకి పైన ఒక రకం, కింద ఒక రకం అంటు కడతాండాము. చూస్తే నీకు భలే నచ్చుతాది."

"ఒకటి కొనుక్కోరాదా?"

"కొనేంత ఇది లేదులే నాకు. ఊరికే, నీ పక్కన కూచున్నాను కాబట్టి వాయించినా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కాళ్ళరిగేలా తిరిగినా దొరకనిది దానికి ఊరికే దొరికితే, అది చేతిలోంచి జారవిడిచి, చెయ్యి దులుపుకుని పోయింది. అది ప్రాణంగా చూసుకుని ఉంటే బహుశా నేను ఎప్పుడో ఓడిపోయానని ఒప్పుకుని ఊరుకునేదాన్ని. ఆ తర్వాత కొన్నేళ్ళకు అంకుల్ పోయాడు. పందిరికి కట్టవలసిన డబ్బేదో కట్టేవాళ్ళు లేక అది మూతపడింది. మేము వాయించినవన్నీ దానితోపాటే పోయాయి. హేమవి పోయాయని తెలిసిన రోజు నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. నావి కూడా వాటి పక్కనే ఉన్నాయి కదా, ఆ మాట ఆలస్యంగా తోచింది.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు తీగ బిగించడానికి చెవి అక్కర్లేదు, ఫోను చెబుతుంది. కార్డ్ పేరు నన్నడగక్కర్లేదు, అదీ ఫోనే చెబుతుంది. ఆదివారం ఒక ఈల విని, వారమంతా దానితో కాపురం చేసి, శనివారం ఒకే ఒక్క మనిషి ఏమంటాడో అని గుండె చేత్తో పట్టుకుని కూర్చోవడం వాళ్ళకు తెలియదు. పెట్టిన నిమిషానికి వందమంది బాగుందంటారు. పాపం అనుకుంటాను. మరుక్షణం వాళ్ళమీద కూడా కుళ్ళుకుంటాను, వాళ్ళకు బాగుంది అనే మాట అంత చవగ్గా దొరుకుతోందే అని. నా వీడియోలు చూసి, మీరు చెప్తే అర్థమైనట్టు ఇంకెవరు చెప్పినా కాదు మేడమ్ అంటారు. అర్థమైంది అంటారు. నా బతుకంతా అర్థమవడంలోనే గడిచిపోయింది.

పోయిన నెల నేను పోయేసరికి అత్త వసారాలో మంచంమీద ఉంది. హేమ నీడవల కింద నారు ట్రేల మధ్య ఉంది. చేతులకు మట్టి, వేళ్ళకు అంటు కట్టే బ్లేడు గాట్లు. నన్ను చూసి, "మొన్న నీ వీడియో చూస్తాంటిమి వదినా. పనిచేసే ఆడోళ్ళకి కూడా పెట్టి చూపించినా, మా వదిన అని" అంది. సంగటి, చారు పెట్టింది. తిన్నాక అత్తే అడిగింది, "గిటారు తెచ్చినావా మ్మా? ఏదన్నా వాయించు, కాళ్ళ నొప్పి మరిచిపోతాను." నేను కారులోంచి తెచ్చి వాయించాను. బాగా వాయించాను. అత్త, "ఎంత బాగా నేర్చుకున్నావు మ్మా" అంది. నేర్చుకోవడం మొదలుపెట్టి నాకు సగం జీవితమైంది.

హేమ చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇట్లియ్యి, వస్తాదో రాదో చూస్తాను" అంది. మొదట ఏమీ రాలేదు. కార్డులు మరిచిపోయింది, వేళ్ళు బిరుసెక్కాయి. నాకు లోపల్లోపల హాయి అనిపించింది. ఇంతలో ఎక్కడో ఎ మైనర్ దొరికింది. అక్కడినుంచి తడుముకుంటూ బయల్దేరింది. ఏ వరుసా కాదు, ఏ పాటా కాదు. అత్త మంచంమీద లేచి కూర్చుంది. నారు తీసుకుపోను వచ్చిన రైతు ఒకాయన ట్రే చేత్తో పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడిపోయాడు. నేను నా పనిగా దాని కార్డుల పేర్లు మనసులో చెప్పుకుంటూ పోయాను, కాసేపటికి ఆ పేర్లు ఆగిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా నా వాయింపు వినేవాళ్ళకు జరగాలని నేను కోరుకున్నది, హేమ వాయిస్తుంటే నాకు జరిగింది. దానికంటే పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి.

ఆపి, వేళ్ళు విదిలించుకుంది. "నొప్పి పుడతాండాది వదినా" అని నవ్వింది. తర్వాత గిటారు ఒళ్ళో పెట్టుకునే, "ఈ నెల పని తక్కువ మాకు. నాలుగు దినాలు ఈడ పెట్టిపో వదినా. అమ్మకి వాయిస్తాను. నేనే తెచ్చిస్తా" అంది. హేమ నా వస్తువు ఏదైనా తన దగ్గర పెట్టిపొమ్మని అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. నాలుగు దినాలు చాలు దానికి. నాలుగు దినాల్లో ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాలుకమీదికి సరే అనే మాట వచ్చింది. బయటికి రాలేదు.

"రేపు క్లాసుంది హేమా. ఇది లేకపోతే జరగదు" అన్నాను.

"అవునా. అట్లయితే తీసుకోని పో వదినా, పిల్లోళ్ళకి ఇబ్బందైతాది" అంది. గిటారు తానే మోసుకొచ్చి కారు వెనక సీటులో పెట్టింది. దారి గతుకులని తన భుజంమీది తువ్వాలు తీసి కిందేసింది. టమోటాలు ఒక సంచి పెట్టింది. నేను కారు తాళం తిప్పుతుంటే కిటికీ దగ్గరికి వంగింది.

"వీడియోలో నీ వెనకాల గోడకి గిటార్లు వరసగా తగిలించి ఉంటాయి కదా వదినా, అవి కూడా ఇంత బాగా పలుకుతాయా?"

పలుకుతాయి అన్నాను. హేమ సరే అన్నట్టు తల ఊపి, దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.